బొట్టు పెట్టారు గానీ అడగలేదు

నేను ఒక గాజుగొట్టాన్ని. పెన్సిల్ కంటే సన్నగా, జానెడు పొడవుంటాను. నా కడుపులో కాస్త మిథనాల్ పోసి, మూతిని మంటలో కరిగించి మూసేశారు. అంటే నన్ను పుట్టించినవాళ్లే నా నోరు మూశారన్నమాట. అయినా నేను మాట్లాడగలను. అడిగేవాళ్లుండాలి, అంతే.

నా ఉద్యోగం చెబుతాను. ఎన్.ఎం.ఆర్. అని ఓ పెద్ద అయస్కాంత యంత్రం ఉంది. ఏదైనా పదార్థాన్ని నాలాంటి గొట్టంలో పోసి అందులోకి దించితే, లోపలి అణువుల సంగతి తెర మీద శిఖరాలుగా కనిపిస్తుంది. నన్ను దించితే రెండు శిఖరాలు. వేడెక్కితే అవి దగ్గరవుతాయి, చల్లబడితే దూరం జరుగుతాయి. ఆ దూరం కొలిస్తే గొట్టం లోపల నిజంగా ఎంత వేడి ఉందో తెలిసిపోతుంది. తెర మీద కూడా వేడి చూపించే అంకె ఒకటి వెలుగుతుంటుంది. అది గొట్టం కింద వీచే వేడిగాలిది. పొయ్యి సెగ మీద చెయ్యి పెట్టి గిన్నెలో పాలు ఎంత కాగాయో చెప్పినట్టుంటుంది దాని తీరు. కానీ ఎర్రగా వెలుగుతుంది కదా, జనం దాన్నే నమ్ముతారు.

యంత్రాన్ని బిగించిన ఇంజనీరు నా సాయంతో గాలి జోరు సరిచేసి, నెలకోసారి నన్ను వాడమని చెప్పి, విశాఖలోని ఓ ప్రయోగశాలకు నన్ను అప్పగించి వెళ్లాడు. వాళ్లు నన్ను ఎంతో గౌరవించారు. అదే నా ఖర్మ. దసరాకు ఆయుధపూజ చేసి, నాకు బొట్టు పెట్టి, అమ్మవారి పటం ముందు నిలబెట్టారు. యంత్రం నడిపే సింహాచలం వేడిగాలి వాల్వుకు బంతిపూల దండ బిగించి కట్టాడు. కట్టేటప్పుడు వాల్వు కాస్త తిరిగి, గాలి జోరు తగ్గింది; ఇక గొట్టానికి అందే వేడి తెర మీద అంకె కంటే తక్కువే. పూజ అయ్యాక మిగతా పనిముట్లన్నీ పనిలోకి వెళ్లాయి. నన్ను మాత్రం కదపలేదు. పటం ముందు పెట్టినదాన్ని తియ్యకూడదట.

మృణాళిని అక్కడ పరిశోధక విద్యార్థిని. మడత పడ్డ ఓ అణువు ఎంత వేడికి విప్పుకుంటుందో తేల్చడం ఆమె పని. ఆమె పట్టా దాని మీదే ఆధారపడి ఉంది. వేరేచోట చేసినవాళ్లు నలభై ఒక్క డిగ్రీలన్నారు. ఈమెకు ఎన్నిసార్లు చేసినా నలభై ఐదే వస్తోంది. ఆచార్యులు సోమయాజులుగారు ముందు పదార్థం శుభ్రంగా లేదన్నారు, తర్వాత ఆమెకు పని చేతకాదన్నారు, చివరికి ఆ అధ్యాయమే తీసేయమన్నారు. యంత్రం వేడి సరిచూద్దామని ఆమె అడిగితే, తెర వైపు వేలు చూపించి, అబద్ధం చెప్పాల్సిన అవసరం యంత్రానికేముందన్నారు. ఆ అవసరం ఆ పిల్లకుందని ఆయన భావం. నాకు ఒళ్లు మండిపోయింది. పటం ముందు నిలబడి వినడం తప్ప ఏం చెయ్యను?

మర్నాడు ఆమె నేరుగా వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని, తడిగుడ్డతో బొట్టు తుడవబోయింది. సింహాచలం అడ్డం వచ్చాడు.

"అమ్మోరి కాడ ఎట్టినదాని బొట్టు తుడిసేత్తారేటమ్మా?"

"పాపం నాకే తగలనివ్వండి, సింహాచలంగారూ. దీన్ని ఒక్క మాట అడగాలి."

ఇన్నాళ్లకు ఒకరు అడిగారు. తెర మీద నలభై ఐదు వెలుగుతుండగా నన్ను లోపలికి దించింది. నా శిఖరాలు ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో నిలబడ్డాయి. కొలిచి చూస్తే నలభై ఒకటి. ఆమె పని తప్పు కాదు.

సోమయాజులుగారు వచ్చి చూశారు, మళ్లీ చూశారు. యంత్రం వెనక్కి వెళ్లి, వాల్వుకు పట్టుకుని వేలాడుతున్న ఎండిన దండను విప్పి చేతిలోకి తీసుకున్నారు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నారు.

"చెప్పాను సార్," అందామె. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని.

ఆమె అధ్యాయం నిలిచింది, పట్టా పుచ్చుకుని వెళ్లిపోయింది. సోమయాజులుగారు సంతోషించి, ఇంత గొప్ప వస్తువును జాగ్రత్తగా చూసుకోమని సింహాచలానికి పురమాయించారు. అతను నాకు మునుపటికంటే పెద్ద బొట్టు పెట్టి, మళ్లీ పటం ముందే నిలబెట్టాడు. తెర మీద అంకె ఎర్రగా వెలుగుతోంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

ఈసారి నాకు చామంతి దండ కూడా వేశారు. దండ వేసి గోడవారగా పెట్టేది ఎవరినో మీకు తెలియదా?

నేనింకా పోలేదండీ.