అక్క చుట్టూ దుమ్ము

పొద్దున్నే టీ ఇవ్వాలంటే చెల్లెలు కాస్త వంగాల్సి వచ్చేది. అక్క నడుము ఎత్తున దుమ్ము పెద్ద పళ్లెంలా పరుచుకుని ఆమె చుట్టూ తిరుగుతూ ఉండేది. దాని కింది నుంచి చెయ్యి పోనిచ్చి, గ్లాసు అందించి, "వేడిగా ఉంది, చూసుకో" అనేది చెల్లెలు. పాలవాడు గుమ్మంలో నిలబడి, "ఇవాళ అమ్మగారి దుమ్ము జోరు మీదుందే" అని, ఓ తుమ్ము తుమ్మి వెళ్లిపోయేవాడు.

అక్కా బావా కలిసి వడ్రంగి షెడ్డు నడిపేవారు. ఆయన కోస్తే ఆమె నునుపు చేసేది. కిందటేడు ఓ మధ్యాహ్నం చెక్క కోస్తూ కోస్తూ బావ గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆ సాయంత్రం అక్క బట్టలు దులుపుకుంటే రంపప్పొట్టు కింద పడలేదు. గాల్లోనే నిలిచి ఆమె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అక్క షెడ్డుకు తాళం వేసి కిటికీ పక్కన కూర్చుండిపోయింది. ఇంట్లో దుమ్మంతా మెల్లగా వచ్చి అందులో చేరింది. "నాకు ఊడ్చే పని తప్పింది" అని చెల్లెలు నవ్వించాలని చూసేది. అక్క నవ్వేది కాదు.

చెల్లెలి ఉద్యోగమూ దుమ్ముతోనే. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు పంపే చిత్రాల్లో, నక్షత్రాల చుట్టూ ఉండే దుమ్ము వలయాలను వెతికేది. నక్షత్రం వెలుగుకు దుమ్ము కనపడి చావదు. అందుకని టెలిస్కోపులోనే నక్షత్రానికి ఓ చిన్న అడ్డు పెడతారు. నక్షత్రం మరుగైతే దాని చుట్టూ ఉన్నది మసగ్గా బయటపడుతుంది.

ఆ రోజు వచ్చిన చిత్రంలో, వలయం మధ్య సన్నటి నల్లని చార చుట్టూరా ఉంది. ఆఫీసులో అందరూ పెద్దాయన అని పిలిచే టీం లీడరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"పరికరంలో లోపమేమో సర్" అంది చెల్లెలు.

"టెలిస్కోపును ఎటు తిప్పి తీసినా ఇది అక్కడే ఉంది. దుమ్ము ఊరికే దారివ్వదమ్మాయ్. మన కంటికి ఆనకుండా ఏదో తిరుగుతోందక్కడ. దారిలో దొరికిందల్లా ఒళ్లో వేసుకుంటూ పోతోంది."

"ఏదో అంటే?"

"ఇంకో లోకం" అన్నాడాయన, నిద్రపోతున్న బిడ్డ పక్కన మాట్లాడినట్టు గొంతు తగ్గించి. "ఇప్పుడిప్పుడే పుడుతోంది."

చెల్లెలు కుర్చీ ముందుకు లాక్కుని ఆ చారను మళ్లీ చూసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ దగ్గరే ఉంది. "రేపు షెడ్డు కొనేవాళ్లు వస్తున్నారు. సామానంతా కూడా పట్టుకుపోమన్నాను."

"బావ ఉలులు కూడానా?"

"నేనేం చేసుకోనే? ఈ దుమ్ము తప్ప నాకింకేం మిగిలింది?"

ఏడాదిగా ఆ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అక్క ముఖమే చూశారు. ఆ ముఖం చూశాక ఎవరూ ఆ దుమ్మును తేరిపార చూడలేదు. తనూ అంతే. చెల్లెలు ఒక కన్ను మూసుకుని, అరచెయ్యి చాచి, అక్క ముఖానికి అడ్డం పెట్టింది.

"ఏంటే ఆ వేషాలు?"

"కదలకు."

ముఖం మరుగయ్యాక దుమ్ము స్పష్టంగా కనిపించింది. వాలుతున్న ఎండలో రేణువు రేణువూ మెరుస్తోంది. మధ్యలో సన్నటి ఖాళీ చార ఉంది. ఆ చారలో మిరియపు గింజంత ఏదో ఉండలా దొర్లుకుంటూ వస్తోంది.

"అక్కా, నీ దుమ్ములో దారి పడింది."

అక్క మొదటిసారి తల దించి చూసుకుంది. ఆ గింజ ఇటుగా వచ్చినప్పుడు మెల్లగా వేలు దగ్గర పెట్టింది.

"వెచ్చగా ఉందే."

"పుట్టేటప్పుడు అలాగే ఉంటాయి."

"పెరుగుతుందా?"

"దుమ్ము దొరికితే పెరుగుతుంది. దానికి చాలా దుమ్ము కావాలి."

అక్క ఇల్లంతా కలయజూసింది. ఎక్కడా నలుసు మిగల్లేదు.

మర్నాడు కొనేవాళ్లు వచ్చేసరికి షెడ్డు తలుపులు తెరిచి ఉన్నాయి. "అమ్మడం లేదండీ, ఏమీ అనుకోకండి" అంది అక్క, కొత్త పలక బల్ల మీదికి ఎత్తుతూ. వాళ్లు చూస్తుండగానే రంపం ఆన్ చేసింది. లేచిన పొట్టంతా వచ్చి ఆమె చుట్టూ చేరింది.

చలికాలం వెళ్లేసరికి ఆ గింజ నిమ్మకాయంత అయింది. కొలతలు చెప్పడానికొచ్చినవాళ్లు అది దాటిపోయేదాకా ఆగి, అప్పుడు కాగితం అందించేవారు. బేరాలూ నవ్వులూ షెడ్డులోంచి వీధిలోకి వినపడసాగాయి.

ఓ ఉదయం చెల్లెలు క్యారేజీ తెచ్చేసరికి అక్క వేలితో సైగ చేసింది. "చప్పుడు చేయకుండా రా."

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ ఉండకు కిటికీ వైపు సగం తెల్లవారింది. ఇటు సగం ఇంకా చీకట్లోనే ఉంది. వెలుగు మొదలయ్యేచోట నీళ్లు తళుక్కుమన్నాయి. వాటి మీద గోరంత మబ్బు కదులుతోంది.

"సముద్రమంటావా?" అంది అక్క.

"సముద్రమే."

అక్క తన ఊపిరికి ఆ మబ్బు ఎక్కడ చెదిరిపోతుందోనని ముఖం పక్కకు తిప్పుకుంది.