అభ్యంతరాలు లేవు

తప్పు నాదే. ఆ కాగితం నేను చదివి వినిపించకపోతే ఏ గొడవా ఉండేది కాదు.

మా వార్డు ఆఫీసు గోడకు అంటించిన ఇంగ్లీషు నోటీసు అది. ఊరి వెనక గోదాములు కడుతున్న కంపెనీ ఒకటి, బొందలగడ్డకు పోయే బాటను తన ప్రహరీలో కలుపుకుంటానంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే గురువారం పొద్దున పదింటికి వచ్చి చెప్పుకోవచ్చునట. మా ఊళ్లో పోయినవాళ్లను మోసుకెళ్లేది ఆ బాటనే. మా అమ్మ రుక్మిణమ్మను మూడేళ్ల కిందట పూడ్చిపెట్టింది ఆ బాట చివరనే. నోటీసును ఫోన్లో ఫొటో తీసుకొచ్చి, అన్నం తింటూ మా నాన్న కుర్మయ్యకు తెలుగులో చెప్పాను. ఎవరికి చెబుతున్నానో మరిచిపోయాను.

నాన్న నలభై ఏళ్లు ఊరికి చాటింపు వేసినవాడు. బోనాలు ఎప్పుడో, రేషను ఎప్పుడొస్తుందో, ఎవరి బర్రె తప్పిపోయిందో, అన్నీ ఆయన డప్పు మోగాకే ఊరికి తెలిసేవి. ఊరు మున్సిపాలిటీలో కలిశాక ఆయన పని వాట్సాప్ గ్రూపుకు పోయింది. పని పోయింది గాని అలవాటు పోతుందా? ఆయన నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఎప్పుడూ దెప్పేది.

తెల్లారి నేను స్నానం చేసి వచ్చేసరికే వీధిలో డప్పు మోగుతోంది.

"ఇనుండ్రి, ఇనుండ్రి! బొందలగడ్డ బాట మూస్తరంట! బేస్తారం పది గొట్టంగ అందరు ఆఫీసుకు రావాలె! రాకుంటే రేపు సచ్చినోళ్లను నెత్తిన వెట్టుకోని యాడ తిరుగుతరు?"

జనం నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుకుంటూనే డ్యూటీకి పోయాను.

నేను ఎయిర్‌పోర్టులో పని చేస్తాను. ప్రయాణికులకు ఏ వరుసలో నిలబడాలో చూపించాలి. చెప్పాల్సిన మాటలు నాలుగైదు, అన్నీ ఇంగ్లీషువి. నవ్వుతో సహా ట్రైనింగులో నేర్పారు. అక్కడ మైకులో పిలుపులు కూడా పెద్దగా వినపడవు, ఎవరి కబురు వాళ్ల ఫోనుకే వస్తుంది. దుబాయికి, లండన్‌కు పోయేవాళ్లు రోజూ నన్ను రాసుకుంటూ పోతారు. మీదే ఊరని ఒకాయన అడిగితే హైదరాబాద్ అన్నాను. కార్లు ఆగేచోట మా తాత జొన్న పండించేవాడని చెబితే ఆయనేం చేసుకుంటాడు? పాసు మెడలో లేకపోతే ఆ నేల మీదికే నన్ను రానివ్వరు. అక్కడ నేనెవరికీ ఏమీ కాను. ఒక్కోరోజు ఏడుపొస్తుంది, కాని ఏడవడం ట్రైనింగులో లేదు.

ఆ మధ్యాహ్నం మా సూపర్‌వైజర్ రవీందర్ నన్ను పక్కకు పిలిచాడు. ఫోన్లో వీడియో చూపించాడు. నాన్న, డప్పు, నవ్వుతున్న జనం.

"రాజశేఖర్, ఈయన మీ బాపునా?"

"అవునన్నా."

"మస్తు గొంతు. గాని వచ్చే నెల నీ పాసు రెన్యూవల్ ఉంది గద. వెరిఫికేషన్ల గిసొంటియి అడుగుతరు. నీ మంచికే చెప్తున్న, బేస్తారం నాడు ఆయన్ని జర సప్పుడు జేయకుంట కూసోమను."

బెదిరించలేదు. భుజం మీద చెయ్యి వేసి అన్నలాగే చెప్పాడు. నా చెయ్యి మాత్రం మెడలోని పాసు మీదికి పోయింది. ఆ పాసు లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

"నువ్వు మాట్లాడకు బాపూ. ఊర్ల గింతమంది ఉన్నరు, వాళ్లు మాట్లాడుతరు."

"మాట్లాడుతరా?"

"మాట్లాడుతరు."

ఆయన నా మొహం చూసి, "ఇగ గట్లనే" అన్నాడు. నేను చెప్పింది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

గురువారం ఆఫీసుకు అరవై మంది వచ్చారు. నాన్న పిలుపుకు ఇంకా అంత బలం ఉందని గర్వపడ్డాను, సిగ్గులేకుండా. అధికారి కాగితం చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉందా అండీ?" అని అడిగాడు. కంపెనీ మనిషి గోడకు ఆనుకుని ఫోనుతో అందరినీ వీడియో తీస్తున్నాడు. ఒకరి కూతురు ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేస్తుంది, ఒకరి అల్లుడు అక్కడి క్యాంటీన్‌లో, ఇంకొకరి కొడుకు క్యాబ్ నడుపుతాడు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? అందరూ చెప్పులు చూసుకుంటున్నారు.

ముందు వరుసలోంచి మా పక్కింటి ముసలమ్మ లచ్చమ్మ వెనక్కి తిరిగింది.

"ఏంది కుర్మయ్యా? పిలిసింది నువ్వే, గిట్ల కూసుంటివేంది? నువ్వు మొదలువెట్టు, ఎనకనుంచి మేమంటం."

నాన్న లేచాడు. ఫోను ఆయన వైపు తిరిగింది. నోరు తెరవడానికి జీవితంలో ఎవరి సెలవూ అడగనివాడు నా వైపు తిరిగి, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"చెప్పాల్నా బిడ్డా?"

అరవై మంది నన్నే చూస్తున్నారు.

"ఒద్దు బాపూ. కూసో."

కూర్చున్నాడు. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకెవరూ లేవలేదు. అభ్యంతరాలు లేవని రాసుకుని, అధికారి అందరికీ థాంక్స్ చెప్పాడు. అంతా కలిపి పావుగంట పట్టలేదు.

నాన్నను బండి వెనక ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాను. బొందలగడ్డ బాట దగ్గరికి రాగానే నాన్న భుజం తట్టి ఆపమన్నాడు. దిగి పంచె సర్దుకున్నాడు.

"గోడ లేవకముందే మీ అమ్మకు చెప్పొస్త."

"నేను గూడ వస్త బాపూ."

"ఒద్దు బిడ్డా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వు పో. డ్యూటీకి టైమైతది."

నిజంగానే టైమవుతోంది. వెళ్లిపోయాను.