మీట పట్టే మనిషి

"నెక్స్ట్."

గదంత ఉండే చర్చి వాద్యం ఆర్గన్ లోపలి నుంచి ఆ మాట వినగానే లలిత వేలు ఎత్తి పక్క మీట మీద పెట్టింది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఇదే పని. ఆమె బయట బల్ల మీద కూర్చుని ఒక్కో మీటా నొక్కి పట్టుకోవాలి. సిరిల్ ఓర్మెరాడ్ లోపల నిచ్చెనెక్కి, వందలాది గొట్టాల మధ్య ఒదిగి నిలబడి, ఒక్కోదాన్నీ శ్రుతి చేయాలి. ఒక మీటకు రెండు గొట్టాలు పలుకుతాయి. వాటికి పొత్తు కుదరనంతసేపూ స్వరం అలలా ఊగుతుంది. ఆయన గొట్టం కొనను ఇత్తడి పనిముట్టుతో తట్టేకొద్దీ ఆ ఊపు నెమ్మదించి, సాగి సాగి ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ "నెక్స్ట్."

1983 ఫిబ్రవరి. అమెరికాలో అరోరా అనే ఊళ్లోని ఆ చర్చి చుట్టూ మోకాలి లోతు మంచు. లోపల మాత్రం ఆదివారం ప్రార్థనకు ఎంత వేడి ఉంటుందో అంతే పెట్టించాడు సిరిల్. వేడి మారితే శ్రుతి మారుతుంది. గొట్టం మీద ఊపిరి తగిలినా మారుతుంది. అందుకని ముక్కు మీదుగా మఫ్లర్ చుట్టుకుని, కన్నం వెయ్యడానికి వచ్చిన దొంగలా ఉంటాడు పనిలో.

మూడేళ్ల క్రితం లైబ్రరీ గోడమీద చీటీ చూసి ఆర్గన్లు బాగుచేసే వర్క్‌షాప్‌కు వెళ్లింది లలిత. భర్త ట్రాక్టర్ల కంపెనీలో పనికి వెళ్లిపోతే ఇంట్లో పలకరించే దిక్కు లేదు. 'గంటల తరబడి కదలకుండా కూర్చోగల మనిషి కావాలి' అని ఉంది చీటీలో.

"కూర్చోగలరా?" అని అడిగాడు సిరిల్.

"మా అత్తగారు నాకిచ్చిన ట్రైనింగే అదండీ," అంది.

ఆయన నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే రమ్మన్నాడు.

ఆయన సంగతులు ఆమెకు భోజనాల వేళ కొంచెం కొంచెంగా తెలిశాయి. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పద్నాలుగో ఏట ఆర్గన్లు చేసే కార్ఖానాలో చేరాడు. నేల ఊడ్చాడు, జిగురు కాచాడు. ఆ తర్వాత గొట్టాలకు గొంతు పెట్టే పని నేర్చాడు. గొట్టం నోటి దగ్గర చాకుతో వెంట్రుకవాసి చెక్కడం, ఊదించి వినడం, మళ్లీ చెక్కడం. 1957లో అమెరికా వచ్చాడు. పెళ్లి లేదు. వర్క్‌షాప్ మీద ఒక గది, అందులో ఒక మంచం, ఒక కెటిల్. చెవికి జానెడు దూరంలో సన్న గొట్టాలను కీచుమనిపిస్తూ నలభై ఏళ్లు గడిపాడు. ఆయన గొంతు పెట్టిన గొట్టాలన్నీ కలిసి చివరికి ఆయన చెవులనే తినేశాయి.

లలిత అది రెండో ఏడు కనిపెట్టింది. పై స్వరాలు పన్నెండు ఆయనకు బొత్తిగా వినిపించడం లేదు. శ్రుతి తగ్గితే మీటను రెండుసార్లు, హెచ్చితే మూడుసార్లు తట్టి వదిలేది. మీట నొక్కినప్పుడల్లా గొట్టాల కిందున్న గాలిపెట్టెలో తోలు అతికిన చిన్న తలుపు తెరుచుకుంటుంది. ఆ దెబ్బ అరచేతికి తెలుస్తుంది. ఆయన అరచెయ్యి పెట్టె మీద ఆనించి పని కానిచ్చేవాడు. ఆమె ఎన్నడూ చెప్పలేదు, ఆయన ఎన్నడూ అడగలేదు. స్వరం కుదిరాక మాత్రం "నెక్స్ట్" అనే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. అది థాంక్స్ అని ఆమెకు తెలుసు.

పన్నెండింటికి లలిత టిఫిన్ డబ్బా తెరిచింది.

"సిరిల్ గారూ, పులిహోర పెట్టనా? ఆ ఎండు రొట్టే తింటారా?"

"పచ్చన్నమా? పెట్టండి. పోయినసారి తింటే రెండురోజులు పళ్లు పచ్చగానే ఉన్నాయి."

"ఉన్నవే ఆరు. పచ్చగా ఉంటే కనీసం కనిపిస్తాయి."

ఆయన మెల్లిగా తిన్నాడు. తిన్నాక తన రొట్టె చుట్టి తెచ్చుకున్న కాగితం నాలుగు మడతలు పెట్టి, "మధ్యాహ్నం వెండెల్ వస్తాడు," అన్నాడు. "మీట తనే పట్టి నా పని పరీక్షిస్తాడట."

వెండెల్ హాచ్ వర్క్‌షాప్ యజమాని. జనవరిలో లలితకు ఫ్లూ వచ్చిన వారం ఇంకొకరెవరో వచ్చి మీట పట్టారు. ఆ వారం శ్రుతి చేసిన చర్చివాళ్లు ఫోన్ చేసి, పై స్వరాలు వింటే పళ్లు జివ్వుమంటున్నాయన్నారు.

"ఆయనకేం తెలుసు మీట పట్టడం?"

"తెలుసు. నేనే నేర్పాను."

"టెస్ట్‌లో తప్పితే?"

"పని పోతుంది. గదీ వాడిదే." మడిచిన కాగితం జేబులో పెట్టుకున్నాడు. "ఇంగ్లండ్‌లో మా ఓల్డమ్‌లో చెల్లెలుంది. ఒక మంచం ఖాళీగా ఉందని రాసింది. దానిమీద కుక్కలు పడుకుంటాయట."

రెండింటికి హాచ్ వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుని, లలితను మర్యాదగానే లేవమని బల్లమీద కూర్చున్నాడు. కింది స్వరాలు, నడిమి స్వరాలు చకచకా దాటాయి. పైకి వెళ్లేసరికి లోపల తట్టడం ఆగిపోయింది. స్వరం ఊగుతూనే ఉంది.

లలిత ఆర్గన్ చెక్కకు వీపు ఆనించి నిలబడింది. మడమతో మెల్లిగా తన్నింది, రెండుసార్లు. లోపల తట్టిన చప్పుడు. మళ్లీ రెండు. ఊపు తగ్గింది, ఆగింది.

"నెక్స్ట్."

హాచ్ పక్క మీట నొక్కుతూ తల కొంచెం తిప్పాడు. లలిత మళ్లీ తన్నింది, మూడుసార్లు. ఈసారి లోపల చప్పుడు లేదు.

"వెండెల్," అన్నాడు సిరిల్ లోపలి నుంచి. "ఇది విని నాకు రెండేళ్లయింది."

హాచ్ మీట వదిలాడు. "మరి ఇన్నాళ్లూ చేసిందెవరు?"

"ఆవిడ విన్నారు. నేను తట్టాను."

హాచ్ కోటు గుండీలు పెట్టుకుని, "నెలాఖరు దాకా గది వాడుకోండి సిరిల్," అన్నాడు. కోపంగా అనుంటే బాగుండేదనిపించింది లలితకు. అతను ఆమె వైపు తిరిగి, "మీరు నిచ్చెన ఎక్కగలరా?" అన్నాడు.

"నన్నేం అడుగుతారు? ఆయన్నడగండి."

"ఎక్కగలరు," అంది లోపలి గొంతు.

హాచ్ వెళ్లేదాకా ఆగి, లోపలి నుంచి దిగివచ్చిన సిరిల్ మీద విరుచుకుపడింది లలిత.

"ఎవరు నోరు తెరవమన్నారు మిమ్మల్ని? నా మడమ బాగానే పనిచేస్తోందిగా!"

"బాగానే చేసింది. వాడు మీ కాలి వైపు చూడబోతున్నాడు. ఇంకొక్క గొట్టమైతే ఇద్దరం పోయేవాళ్లం." ఇత్తడి పనిముట్టు ఆమె చేతిలో పెట్టాడు. చేతి వేడికి వెచ్చగా ఉంది. "కోడిగుడ్డును తట్టినట్టు తట్టండి. గొట్టాన్ని వేళ్లతో పట్టుకోవద్దు. ఊపిరి పక్కకు."

ఆమె నిచ్చెనెక్కింది. పెన్సిలంత గొట్టాలు, వాటి వెనక చీకటి. కింద ఆయన బల్లమీద సర్దుకున్న చప్పుడు. మొదటి గొట్టానికి అరగంట పట్టింది. ఏడుపొచ్చింది. మూడోదానికి చెయ్యి కుదిరింది.

"నెక్స్ట్," అంది. తన నోట ఆ మాట వింతగా వినిపించింది.

ఆమె అన్నప్పుడల్లా కింద మీట మారింది. ఒక్కటీ తప్పలేదు. రంగుల కిటికీల్లో వెలుగు సన్నగిల్లేవేళకు పన్నెండోదానికి, అన్నిటికన్నా పైదానికి వచ్చింది. అది మొండికేసింది. ఎంతసేపయినా కింద చెయ్యి చెదరలేదు, స్వరం వెంట్రుకంతైనా కదల్లేదు. చివరికి అల పలచబడి, పలచబడి, నిలిచింది.

"నెక్స్ట్," అని, తర్వాత ఇంకేం లేదని గుర్తొచ్చి తనే నవ్వుకుంది. "అయిపోయింది సిరిల్ గారూ! వదిలెయ్యండి!"

స్వరం ఆగలేదు. ఇంకోసారి పిలిచింది. స్వెటర్‌కు అంటిన దుమ్ముతోనే గబగబా దిగింది.

బల్లమీద ఎవరూ లేరు. ఆయన కోటు లేదు. వీధి తలుపు గొళ్లెం తీసి ఉంది. చివరి మీట మీద అగ్గిపెట్టెంత సీసపు ముక్క, మీటకు గీత పడకుండా అడుగున తోలు అతికించి ఉంది. మనిషి దొరకని రోజుల్లో శ్రుతి చేసేవాళ్లు పెట్టుకునే బరువు. ఆయనకు వినిపించని స్వరాన్ని అది కదలకుండా పట్టుకుని ఉంది.