మార్చి ముప్పై ఒకటిన సుయోధన వధ

సుయోధనుని చావుకు ముహూర్తం కాలపురుషుడు పెట్టాడని పురాణజ్ఞుల మాట. కుప్పం దగ్గరి ఆ పల్లెలో మాత్రం కళాపోషక సంస్థవారి ఆర్థిక సంవత్సరం పెట్టింది.

వీధినాటక గురువు నంజప్ప పద్దెనిమిది దినాల భారతం ఆడించి పన్నెండేళ్లయింది. కన్నుమూసేలోగా మరొక్కమారు సాంతం ఆడించాలన్నదే ఆయన కోరిక. అందుకే బృందాన్ని సొసైటీగా రిజిస్టరు చేయించి గ్రాంటుకు దరఖాస్తు పెట్టాడు. సమాజంలో రాగల మార్పేమిటన్న గడిలో ‘ధర్మము జయించును’ అని రాశాడు. ఆ జయాన్ని కొలిచే విధానం తెలుపవలసిందిగా తిరుగుటపాలో ఆదేశం వచ్చింది. ఈ తత్త్వవిచారం ముగిసి మొదటి విడత చేతికందేసరికి మార్చి ఇరవై. మరునాడే భారతం ఎత్తుకున్నారు.

పదకొండో నాటి ఉదయం సంస్థవారి మదనపల్లె కార్యాలయం నుంచి సుప్రజ అనే అధికారిణి వచ్చింది. పుణ్యాత్మురాలు, వినయంగా నమస్కరించి మరీ, నేటితో కార్యక్రమం ముగిసినట్టు ఫొటో లేకుంటే రెండో విడత మురిగిపోతుందని సెలవిచ్చింది. అది రాకుంటే పుంగనూరు మద్దెలగాళ్లు మూట సర్దుకుంటారు. మిగిలిన ఏడు దినాల భారతం మూగపోతుంది.

“అమ్మా, అర్జునుడింకా తపస్సు చేసే మాను గూడా ఎక్కలేదు. అంతలోనే దుర్యోధనుణ్ణి యాడ సంపేది?” అన్నాడు నంజప్ప.

“నిజంగా సంపొద్దు గురువు గారూ. ఫొటోకు ఒక దెబ్బ సాలు. రేపు మళ్లీ బతికించుకోండి.”

వ్యాసభగవానునికి తోచని ఉపాయం. నంజప్ప తలవంచాడు. పొద్దు వాలేసరికి మైదానంలో ఇరవై అడుగుల మట్టి సుయోధనుడు వెల్లకిలా పడుకున్నాడు. భీముడు తొడమీద గద మోపాడు. సుప్రజ ఫొటో తీసింది.

గురువు మరచినది ఒక్కటే. ఆ దెబ్బ పడగానే సుయోధనుణ్ణి చీపుళ్లతో బాదే ఆనవాయితీ కోసం ఊరి ఆడవాళ్లు పన్నెండేళ్లుగా కాచుకున్నారు. ఈ దెబ్బ ఫొటో కోసమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లలో రామక్క మొదట చీపురు ఎత్తింది. తక్కిన వాళ్లు వెంటబడ్డారు. పిదప ఆచారం ప్రకారం, గాదెకు మంచిదని తలా ఇంత మట్టి మూటగట్టుకున్నారు. గంట తిరగకముందే కౌరవేశ్వరుడు ఇంటింటికీ పంపకమైపోయాడు. శపథం తీరిందని ద్రౌపది వేషగాడు చెంగయ్యకు కొప్పు ముడిచి, పూలు పెట్టి మరీ వెళ్లారు.

‘ప్రజల భాగస్వామ్యం అమోఘం’ అని సుప్రజ నివేదిక పంపింది. రెండో విడత మంజూరైంది.

మరునాటి కథకు మద్దెల ఎంత మోగినా మనిషి రాలేదు. నంజప్ప స్వయంగా రామక్క గడప తొక్కి పిలిచాడు.

“బారతం అయిపాయ గదప్పా,” అన్నదామె జాలిగా. “సచ్చినోడితో ఇంగేం యుద్ధం?”

నంజప్ప తిరిగొచ్చి, పద్యం ఎత్తుకున్నాడు. ఏడు దినాలూ ఒక్క పాదం తగ్గించలేదు. అర్జునుడు తపస్సు మాను ఎక్కి, బిడ్డలు లేని తల్లుల కోసం నిమ్మకాయలు విసిరితే, కింద ఒడిపట్టే ఆడది లేదు. గురువే వంగి ఒక్కొక్కటిగా ఏరుకున్నాడు.