మైకులో పలికే గొంతు

“పిల్ల ఇంకా రాలేదేంటండీ? దార్లో ఏమైనా అయ్యుంటుందా?”

బఠాణీలు ఒలుస్తూ పైకే అనేశాను. మా ఆయన పేపరు దించకుండానే, “నీ నోట ఒక్కనాడైనా మంచి మాట వస్తుందా?” అన్నారు. మా అత్తగారు లోపల్నుంచి అందుకుని, “దానికి భయం లేకపోతే అన్నం అరగదురా” అని నవ్వారు. నిజమే. కుక్కరు కూత ఆలస్యమైతే పేలిపోతుందనుకుంటాను. పిల్లకి తుమ్మొస్తే నాకు జ్వరం వస్తుంది. కానీ చీకటి పడుతున్నా కాలేజీ నుంచి రాని పిల్ల గురించి భయపడకపోతే ఇంక దేనికి భయపడాలి?

వచ్చింది. స్నేహితురాలి సైకిలు పంక్చరైతే ఇద్దరూ తోసుకుంటూ నడిచొచ్చారట. ఆ మాట పూర్తయ్యేలోపే మా ఆయన లేచారు. చెయ్యి లేచింది. నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది, అంతే. పిల్ల చెంప ఛెళ్ళుమన్న చప్పుడు మాత్రం ఇల్లంతా వినిపించింది.

ఆ గాలే మిగిలింది నాకు. పొద్దున లేచి పాలవాడిని పిలవబోతే గుసగుస. నా ఉద్యోగమేమో బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలవడం. మా సూపర్‌వైజరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “మైకులో ఊదుతున్నావేంటమ్మా, టీ వేడిగా ఉందా?” అని, తీసుకెళ్ళి పార్సిళ్ళ గదిలో కూర్చోబెట్టాడు. మా ఆయన స్నేహితుల దగ్గర, “మా ఇంట్లో రేడియో పాడైంది, బాగు చేయించే తొందరేం లేదు” అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా. నవ్వుతూనే గొంతు తడుముకున్నాను. గడ్డేమో. కోస్తారేమో. నేను పోతే పిల్లకి జడ వేసేదెవరు అనుకున్నాను, అది జడ వేయించుకోవడం మానేసి ఏళ్ళయిందన్నది కూడా మర్చిపోయి. అసలు భయం మాత్రం అది కాదు. మళ్ళీ ఆ చెయ్యి లేస్తే? అప్పుడూ నా నోట్లోంచి గాలే వస్తే?

డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి చూశారు. “గడ్డ లేదు, పుండు లేదు. దగ్గితే గొంతులో తీగలు రెండూ చక్కగా కలుస్తున్నాయి. మాట్లాడబోతేనే విడిపోతున్నాయి,” అన్నారు. నాకు ప్రాణం కుదుటపడాలి కదా? ఇంకా హడలిపోయాను. ఉన్నదాన్నయితే కోసి పారేస్తారు. లేనిదాన్ని ఎక్కడని కోస్తారు? మా ఆయనకి మాత్రం తేలిగ్గా తేలిపోయింది. “ఏమీ లేదంటే నాటకమేగా!”

డాక్టరే గొంతుకి సాధన చేయించే అమ్మాయి దగ్గరికి పంపారు. పిల్ల నాకు తోడుగా కూర్చుంది, ఆయన కిటికీ పక్కన. చెంపదెబ్బ పడిన ఆ సాయంత్రం జరిగింది పిల్లే ఆ అమ్మాయికి చెప్పింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు.

ఆ అమ్మాయి నన్ను దగ్గమంది. దగ్గులో చప్పుడుంది! ఆ దగ్గు తోక పట్టుకుని “మ్...” అని సాగదీయమంది. సన్నగా, వణుకుతూ వచ్చింది. వెనక ఎవరో ఉన్నారనుకుని ఉలిక్కిపడ్డాను.

“డ్యూటీలో రోజూ ఏం చెప్తారో అది చెప్పండి.”

కళ్ళు మూసుకున్నాను. “ప్రయాణికులకు మనవి. రెండో ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరికాసేపట్లో బయలుదేరును.” ఖంగుమంది. నా గొంతే! పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా ఆయన తొడ చరిచారు. “చూశారా మేడమ్? నేను చెప్పలా?”

“అవి ఎవరో రాసిచ్చిన మాటలు సార్. వాటితో ఆవిడకి భయం లేదు. భయంతో చేతులు వణికితే నాటకమంటారా?” అని ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. “ఇప్పుడు మీ మాట కావాలమ్మా. ఆ సాయంత్రం నోరు తెరిచారు కదా, ఏమనబోయారు?”

“ఏముంది, అన్నానికి రమ్మనబోయుంటుంది,” అన్నారాయన.

“మిమ్మల్ని కాదు సార్ అడిగింది.”

ఆయన నన్నే చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు, ఇంటికెళ్ళాక సంగతి చెప్తాననే చూపు. చెబితే ఏమవుతుంది? ఆటోలోనే మొదలవుతుందా, తలుపు వేశాకా? అత్తగారేమంటారు? పిల్లని చదువు మాన్పిస్తారా? ఒకదాని వెనక ఒకటి బస్సుల్లా వచ్చి ఆగుతున్నాయి భయాలు. ఆ అమ్మాయి తొందర పెట్టలేదు, నా బదులు చెప్పనూ లేదు. పిల్ల నా ముఖం వంక చూడ్డం లేదు. తల వంచుకుని, తన చెంప మీద వేళ్ళు ఆనించుకుని కూర్చుంది.

దగ్గాను. తోక పట్టుకున్నాను. “మ్...” వణికింది. తెగబోయింది. వదల్లేదు.

“మ్... ము... ముట్టుకోకండి దాన్ని.”