మూత లోపలి ఎనిమిది గుర్తులు

జూలూరుపాడులో బస్సెక్కినప్పటి నుంచి కొత్తగూడెంలో దిగేదాకా ఉదయశ్రీ సీట్లో కుదురుగా కూర్చుంటే ఒట్టు. మైనింగ్ డిప్లొమా చేసిన పిల్ల. మర్నాడు పొద్దున ఏడింటి షిఫ్టుకు బొగ్గుబాయిలోకి దిగబోతోంది. ఆ బాయిలో ఆడపిల్ల దిగడం అదే మొదలు. బూట్లు వచ్చాయి, టోపీ వచ్చింది. ఇక వాచీ ఒక్కటే కావాలి. గ్యాసుకు నిప్పంటుకుంటుందని సెల్లు, బ్యాటరీ వాచీ లోపలికి తేనివ్వరు. కీ ఇచ్చే వాచీయే ఉండాలి. అది పక్కసీట్లో ఉన్న తండ్రి మంగయ్య చేతికుంది. ముప్పై ఏళ్లు ఆయనతో బాయి దిగి, ఎక్కిన వాచీ. నాలుగు రోజుల కింద రెండూ పదికి ఆగిపోయింది.

బిడ్డ తన వాచీ పెట్టుకునే దిగుతుందని ఊరంతా చెప్పుకున్నవాడే, రిపేరు మాటెత్తితే మాత్రం మొండికేశాడు. చేతిని తొడకేసి కొట్టుకోవడం, చెవి దగ్గర పెట్టుకోవడం.

"గట్ల కొడితే ఉన్న ప్రాణం పోతది నాయినా."

"అలిగింది, అదే తిరుగుతది. ముప్పై ఏండ్లల్ల నేను దవాఖానా మెట్లెక్కలే, నా వాచీ షాపు మెట్లెక్కలే. ఒక్కసారి మూత తీసినంక వాచీ వాచీ గాదు బిడ్డా."

బజార్లో జహీదా వాచీ రిపేరు దుకాణం. తండ్రి దగ్గర పని నేర్చుకుని, ఆయన పోయాక అదే బల్ల ముందు కూర్చున్న మనిషి.

"తియ్యి అన్నా" అంది జహీదా.

"ముందుగాల చూడు."

"చేతికుండంగ ఏం చూడాలె, నాడి పట్టాల్నా?"

ఉదయశ్రీ ఇక ఆగలేకపోయింది. "రేపు ఏడింటికి షిఫ్టు నాయినా. ఇది నడిస్తే నీ వాచీతోని దిగుత. లేకుంటే ఎదురు దుకాణంల కొత్తది కొంట."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మంగయ్య వాచీ బెల్టు విప్పాడు.

వెనక మూత మీద 1147 అని మేకుతో గీసి ఉంది, బాయిలో మంగయ్య టోకెన్ నంబరు. జహీదా కంటికి అద్దం బిగించి మూత తీసింది. వాచీ వంక చూసింది, తర్వాత మూత లోపలి వైపు చూసి ముసిముసిగా నవ్వింది.

"బాగయితదా అక్కా?"

"అవ్. విరిగిందేం లేదు. నూనె ఎండి బంకైంది. విప్పి కడిగి నూనె పెడితే రెండింటికల్లా ఇస్త."

"మరి నవ్వినవేంది?" అన్నాడు మంగయ్య అనుమానంగా.

జహీదా అద్దాన్నీ మూతనూ ఉదయశ్రీ చేతికిచ్చింది. లోపలి వైపు చీమకాళ్లంత అక్షరాలు. 1996లో ఒక తారీకు, పక్కన 'బ'. మూడేళ్ల తర్వాత ఇంకోటి, మళ్లీ 'బ'. చివరిది 2017. మొత్తం ఎనిమిది.

"సర్వీసు చేసినప్పుడల్లా తారీకు, తెచ్చినోళ్ల అక్షరం గీకుతం. గివి మా అబ్బా చేతిరాత."

"ఎవడో మూత మార్చిండు!" మంగయ్య మూత లాక్కుని తిరగేశాడు. బయట 1147, తాను గీసిందే. మళ్లీ తిరగేశాడు. ఎనిమిది 'బ'లు.

ఉదయశ్రీ అప్పటికే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "అమ్మా, నాయిన వాచీ షాపుకు ఎన్నిసార్లు తెచ్చినవ్?"

అవతల కోళ్ల అరుపులు. వాటి నడుమ తల్లి బతుకమ్మ గొంతు: "జహీదా చెప్పేసిందా?"

"నేనేం చెప్పలే వదినా, మూతే చెప్పింది."

"ఏం జేతు మరి? నైటు షిఫ్టు దిగి పండుకుంటే మీ నాయిన రెండింటిదాక లెవ్వడు. ఆ నడుమల ఇచ్చి తెచ్చేదాన్ని. బాయిల టైము తప్పితే ఎట్ల? రిటైరై జూలూరుపాడు వచ్చినంక పొద్దంతా ఇంట్లనే ఉండె, ఇగ ఎట్ల తెద్దు? అందుకే ఆగింది."

మంగయ్య స్టూలు మీద కూలబడ్డాడు. గడ్డం గోక్కున్నాడు.

జహీదా ఒక్కో చక్రం విప్పి పెట్రోలు గిన్నెలో వేసింది. నల్లటి దుమ్ము దారాల్లా విడిపోయింది. ఉదయశ్రీ బల్ల మీదికి ఒరిగిపోయింది.

"ఊపిరి ఇడువకు బిడ్డా, చక్రాలెగిరిపోతయ్."

బిగబట్టింది. కడగడం, ఆరబెట్టడం, సూదిమొనతో నూనె చుక్కలు. ఆఖరున, అటూ ఇటూ ఊగే ఆ సన్నని చక్రాన్ని జహీదా దాని చోట ఉంచిందో లేదో, నిద్రలో పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు కదిలింది.

"ఆడింది! నాయినా, ఆడింది!" ఉదయశ్రీ కేకకు పక్క టీకొట్టు వాళ్లంతా ఇటు తిరిగారు.

టిక్కుటిక్కు విని లెక్క చెప్పే చిన్న మిషన్ మీద పెడితే రోజుకు నలభై సెకన్లు ముందు. జహీదా లోపలి చిన్న మీటను ఒక వెంట్రుకవాసి జరిపింది. ఇరవై. ఎనిమిది. నాలుగు.

"బస్. ఇగ ముట్టద్దు." మూత చేతిలోకి తీసుకుని, సూది పట్టుకుని, తలెత్తింది. "తెచ్చింది ఎవరని రాయాలె?"

మంగయ్య బిడ్డ వైపు వేలు చూపాడు. "ఉ."

వాచీని బిడ్డ చేతికి తనే పెట్టాడు. బెల్టు వదులైతే జహీదా ఇంకో బెజ్జం పొడిచింది. మంగయ్య వంగి ఆ మణికట్టుకు చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"మూడేండ్లకోసారి ఇక్కడికి తీసుకరా" అన్నాడు లేస్తూ. "నాకు మాత్రం చెప్పకు."