చీటీలో లేని పిల్ల

ఆ ఇంట్లో మూడున్నరకి గడప దాటాలంటే రెండింటికే కేకలు మొదలవ్వాలి. ఎనిమిదేళ్ళ తూనీగకి ఒక బూటు తొడిగి రెండోది అందుకునేలోగా మొదటిది మంచం కిందికి చేరుతుంది. వాడికి తూనీగ అని పేరు పెట్టింది వాళ్ళ అక్క. అసలు పేరు స్కూలు రిజిస్టరులో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. వాడిది పొగరూ కాదు, మొండితనమూ కాదు. దృష్టి ఒకచోట నిలవదు, ఒళ్ళు అంతకన్నా నిలవదు. దాన్ని ఏడీహెచ్‌డీ అంటారని స్కూలువాళ్ళు చెప్పినప్పుడు, చుట్టాలందరూ వచ్చి పిల్లల పెంపకం మీద తలా ఒక ఉపన్యాసం దంచి వెళ్ళారు. వాణ్ణి ఒక్కపూట మా ఇంట్లో ఉంచుకుంటామన్న మహానుభావుడు మాత్రం ఒక్కడూ లేడు.

తండ్రి లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు గోతిలోంచి పైకొచ్చే ముందు పనిముట్లన్నీ పేరుపేరునా లెక్క చూసుకుంటాడు. ఒక్క స్పానరు లోపల మరిచిపోయినా ఎవరి ప్రాణం మీదికైనా రావచ్చు. పదహారేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి మరిచిపోలేదని అతనికి కాస్త గర్వం కూడా. ఆ పద్ధతే ఇంటికి తెచ్చి తలుపు వెనక ఒక చీటీ అంటించాడు. బూట్లు, నీళ్ళ సీసా, సంచీ, ఫైలు, తూనీగ. బయటికెళ్ళే ముందు అది గట్టిగా చదవాలి. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పన్నెండేళ్ళ పెద్దపిల్ల చేతే రాయించాడు.

ఇవాళ నాలుగున్నరకి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నాలుగు నెలలు ఎదురుచూస్తే దొరికిన రోజు. తల్లిదండ్రులిద్దరూ రావాలని మరీ మరీ చెప్పారు. తప్పిపోతే మళ్ళీ నాలుగు నెలలు. ఒకళ్ళు కునుకు తీస్తే ఇంకొకళ్ళు కాపలా కాస్తూ, పోట్లాడుకోవడానికి కూడా తీరిక లేకుండా బతుకుతున్న ఆ ఇద్దరికీ ఇంకో నాలుగు నెలలు అంటే మాటలు కాదు.

"బూట్లు?"

"ఉన్నాయి!"

"నీళ్ళ సీసా? సంచీ? ఫైలు?"

"అన్నీ ఉన్నాయండీ, ముందు కదలండి! ఒరేయ్, ఆ కడ్డీ మీంచి దిగు! దిగరా బాబూ, పడతావు!"

తూనీగ అప్పటికే మెట్ల కడ్డీ మీద బోర్లా పడుకుని జారుతూ కేకలు పెడుతున్నాడు. తండ్రి తలుపు లాగి, తాళం వేసి, అలవాటు ప్రకారం మూడుసార్లు లాగి చూసి, మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

బస్సులో నాలుగు స్టాపులు గడిచేలోగా తూనీగ మూడు సీట్లు మారాడు, రెండుసార్లు గంట నొక్కాడు, పక్కనున్న పెద్దమనిషిని మీ చెవిలో వెంట్రుకలెందుకున్నాయని అడిగాడు. తల్లి ఆయనకి క్షమాపణ చెప్పుకుంటుండగా వాడు ఉన్నట్టుండి, "అక్కేదీ?" అన్నాడు.

"వెనకాల కూర్చుందిరా."

తండ్రి వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీట్లో ఎవరో ముసలావిడ కునికిపాట్లు పడుతోంది. గది, స్నానాలగది, తలుపు, తాళం, అన్నీ ఒక్కసారిగా అతని కళ్ళముందుకొచ్చాయి. ఇంట్లో ఉన్న పాత ఫోనుకి చేశాడు. మొదటి రింగుకే పిల్ల ఎత్తింది.

"పర్లేదు నాన్నా, మీరెళ్ళండి. తమ్ముడికి ఆకలేస్తుంది. బిస్కెట్లు సంచీలో అడుగున పెట్టాను."

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది.

"నేను దిగిపోతున్నా," అన్నాడు లేచి.

"దిగిపోతే ఎలాగండీ? ఇద్దరూ రావాలన్నారు కదా! వీణ్ణి పట్టుకుని నేనొక్కదాన్నే ఏం చెప్పను? గంటన్నరేగా. అది బుద్ధిమంతురాలు, కూర్చుంటుంది..."

ఆ మాట అనేశాక ఆమెకే చివుక్కుమంది. కిటికీ వైపు తిరిగి, "వెళ్ళండి," అంది.

అతను సగం దూరం నడిచి, సగం దూరం పరిగెత్తి ఇల్లు చేరాడు. తాళం తీసేసరికి పిల్ల తలుపు పక్కనే కుర్చీలో బూట్లతో సహా తయారై కూర్చుని ఉంది.

"అప్పుడే వచ్చేశారా? డాక్టరు గారేమన్నారు?"

"అమ్మా తమ్ముడూ వెళ్ళారు. నేను వెనక్కొచ్చేశాను."

పిల్ల ముఖం పాలిపోయింది. "నా వల్లా?"

"నా వల్లమ్మా." అతను ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు. "తాళం వేస్తుంటే అరవలేదేం తల్లీ?"

"అరిచాను, స్నానాలగదిలోంచి. ఒకసారి."

"ఇంకా గట్టిగా అరవాల్సింది కదా."

"తమ్ముడు అరుస్తున్నాడుగా. ఇద్దరం అరిస్తే అమ్మకి తలనొప్పి వస్తుంది."

అతను తలుపు వెనక చీటీకేసి చూశాడు. ఎంత సిగ్గేసిందంటే, ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాడు. చివరికి, "నాతో ఏదన్నా చెప్పమ్మా," అన్నాడు.

"దేని గురించి?"

"నీ గురించే. ఏదైనా సరే."

పిల్ల అతన్ని చూసింది, తర్వాత గోడ గడియారం చూసింది.

"ఎంతసేపు ఉంది నాన్నా?"

నీ ఇష్టం, ఎంతసేపైనా అని చెబుదామనుకున్నాడు. అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"తమ్ముడొచ్చేదాకా."

పిల్ల సరేనని తలూపి, కుర్చీ ముందుకు జరుపుకుని మొదలుపెట్టింది. స్నేహితురాలు వేరే బెంచీకి మారిపోయిందని, లెక్కల్లో తనకే ఎక్కువ మార్కులొచ్చాయని, మెట్ల కింద పిల్లి ఈనిందని, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతూ ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పింది. మూడు వారాలుగా కుడివైపు పన్ను నొప్పెడుతోందని, అందుకే అన్నం ఎడమవైపే నములుతున్నానని కూడా అదే ఊపులో చెప్పేసి, తర్వాతి సంగతిలోకి వెళ్ళిపోయింది.